వలస పక్షులు: చెరువుగట్టు పార్కుల్లో ఏ నెలలో ఏవి, ఎక్కడ నిలబడి చూడాలి? (నెల్లూరు, ప్రకాశం)

స్వర్ణాల_గట్టు
సెప్టెంబరు మొదలు ఏప్రిల్ దాకా ఇక్కడ ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. చెరువుగట్టు పార్కుకు పోతే ఏం కనిపిస్తాయి, ఎన్నింటికి పోవాలి, డిసెంబరులో పోతే నీటికాకులు తప్ప ఏమీ లేవేంటి అని. ఈ దారంలో అన్నీ ఒకచోట పెడదాం. నేను నెల్లూరు స్వర్ణాల చెరువు, నెక్లెస్ రోడ్డు వైపు రాస్తాను. తీరం, ఉప్పు కొటార్లు, దర్శి వైపు మెట్ట తెలిసినవాళ్లు మిగతాది రాయండి.

మొదట గుర్తుపెట్టుకోవాల్సింది నెల కాదు, నీటి లోతు. మనకు పెద్ద వాన ఈశాన్య రుతుపవనాలదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెరువులు నిండుతాయి. ఉత్తరాది నుంచి పక్షి దిగే కాలమూ అదే. నీళ్లు గట్టుకు తన్నుకొని ఉన్నప్పుడు పొట్టి కాళ్ల పక్షికి నిలబడే చోటుండదు, అది వరి మళ్లలోకి పోతుంది. అందుకే డిసెంబరులో చెరువు ఖాళీగా కనిపిస్తుంది. జనవరి చివర నుంచి నీళ్లు తీసి అంచున బురద తేలితే అవే పక్షులు చెరువుకు వస్తాయి.

సుమారు లెక్క ఇది. తడి బురద, రెండు మూడు సెంటీమీటర్ల నీళ్లు ఉంటే స్టింట్లు, చిన్న ప్లోవర్లు (రెండూ బురద మీద మేసే పొట్టి కాళ్ల చిన్న పక్షులు). చీలమండ లోతుంటే ఉల్లంకి జాతులు (శాండ్‌పైపర్ల వంటివి), పొడుగుకాళ్ల స్టిల్ట్‌లు. మోకాలి లోతు దాకా ముక్కు ముంచి, తోక పైకెత్తి మేసే బాతులు: సూదితోక, చెంచామూతి, గార్గనీ. అంతకన్నా లోతైతే మునిగి వేటాడేవే, అంటే నీటికాకులు, చిన్న మునుగుడు కోళ్లు, మునిగే బాతులైన పోచర్డ్‌లు. గట్టు మీద ఎక్కడ నిలబడినా ముందు నీళ్లు ఎంత లోతున్నాయో చూడండి. ఏ పక్షి కోసం వెతకాలో దాన్నిబట్టి తెలుస్తుంది.

గుర్రపుడెక్క కమ్మిన మూల వేరు. అక్కడ తేలే ఆకుల మీద నడిచే జకానాలు, నీలి బొల్లికోళ్లు, జంబుకోళ్లు ఏడాదంతా ఉంటాయి. అవి వలస పక్షులు కావు. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఈలబాతు, చుక్కమూతి బాతు, కాటన్ టీల్ కూడా మన దగ్గర గుడ్లు పెట్టేవే.

కావలి_ఉల్లంకి
అన్నా, దీనికి వరి పంట లెక్క కూడా కలపాల. పార్కులో పక్షి లేకుంటే యాడికి పోయిందో అది చెప్తుంది.

ఉల్లంకి జాతులకు శీతాకాలం రానక్కర్లేదు. ఆగస్టులోనే మొదటి గుంపులు దిగుతాయి. ముందొచ్చేవి ఎదిగిన పక్షులు. వాటి రెక్కల ఈకలు అరిగిపోయి, ఒంటి మీద వేసవి రంగు మచ్చలు మచ్చలుగా మిగిలుంటుంది. పిల్లలు సెప్టెంబరులో వస్తాయి. వాటి వీపు ఈకలన్నిటికీ లేత అంచు, పొలుసులు పేర్చినట్టు శుభ్రంగా ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో చెరువు ఎండి మధ్యలో గుంట మాత్రమే మిగిలిన చోట చూడండి. మన పక్క ఆ రెండు నెలలూ ఎవరూ పోరు. చూడదగ్గ పక్షులు మాత్రం అప్పుడే ఉంటాయి.

అక్టోబరు, నవంబరుల్లో పొలాల్లో దమ్ము మొదలవుతుంది. ట్రాక్టరు వెనక కొంగలు సరే, వాటి వెనక పది పదిహేను అడుగుల దూరంలో ఉల్లంకులు ఉంటాయి. నాటేసిన మూడు నాలుగు వారాల వరకు మళ్లలో నీళ్లు కనిపిస్తాయి, ఆ తర్వాత పైరు కమ్ముకుంటుంది. స్నైప్ ఒక్కటే లోపల మిగులుతుంది. అది కాలి కింద నుంచి లేచి వంకరటింకరగా ఎగిరితే తప్ప దొరకదు. పైరు కమ్ముకున్న ఈ మధ్యకాలంలో చెరువు నిండుగా ఉంటుంది, పొలం పచ్చగా ఉంటుంది, రెండుచోట్లా ఏమీ కనపడదు. అప్పుడు తీరానికి పోండి.

కోతల తర్వాత ఫిబ్రవరి, మార్చిలో ఎండిన మళ్లలో పిపిట్లు, జిట్టంగులు (వాగ్‌టైల్స్), వాటి మీద వాలే గద్ద జాతి మార్ష్ హ్యారియర్. ఎడగారు (వేసవి వరి) దమ్ముకు నీళ్లు వదిలినప్పుడు మళ్లీ ఉల్లంకులు దిగుతాయి. అవి తిరుగుప్రయాణంలో ఉంటాయి కాబట్టి ఏప్రిల్‌లో రంగులు బాగా తేలి ఉంటాయి. ఫొటోలు తీసేవాళ్లకు ఇది అసలైన సమయం.

లకుముకి_77
నమస్కారం అండీ, కొత్తగా చేరాను. రెండు సందేహాలు. గట్టు అంచున తోక ఊపుతూ తిరిగే గోధుమరంగు పక్షులన్నీ నాకు ఒకేలా కనిపిస్తున్నాయి, వాటిని ఎలా విడదీయాలి? రెండోది, బైనాక్యులర్ ఏ సైజుది కొనాలి? 10×50 తీసుకోమని దుకాణంలో చెప్పారు.

కావలి_ఉల్లంకి
@లకుముకి_77 మొదటిదానికి నేను చెప్తా.

చెరువు అంచున మీకు తగిలేవి మూడు: కామన్ శాండ్‌పైపర్, వుడ్ శాండ్‌పైపర్, గ్రీన్ శాండ్‌పైపర్. నిలబడి ఉన్నప్పుడు తేల్చలేకపోతే ఎగిరేదాకా ఆగండి.

కామన్‌కి భుజం దగ్గర రొమ్ముకూ రెక్కకూ మధ్య తెల్లటి చీలిక పైకి దూరి ఉంటుంది. ఒంటరిగా రాళ్ల మీద, మెట్ల మీద నడుస్తుంది. వెనకభాగం అదేపనిగా ఆడిస్తుంటుంది. ఎగిరితే నీళ్లకు ఆనుకొని, రెక్కలు బిగదీసి, కొట్టి ఆపి కొట్టి ఆపి పోతుంది. రెక్క మీద తెల్ల గీత ఉంటుంది, నడుము మీద తెలుపు ఉండదు.

వుడ్‌కి కాళ్లు పసుపుపచ్చగా, పొడుగ్గా ఉంటాయి. కంటి మీద తెల్ల గీత కన్ను దాటి వెనక్కి పోతుంది. వీపంతా తెల్ల చుక్కలు. పొలాల్లో గుంపులుగా దొరికేది ఇదే. ఎగిరితే నడుము తెల్లగా, రెక్క అడుగు లేతగా, పాదాలు తోక దాటి కనిపిస్తాయి. కూత "చిఫ్-ఇఫ్-ఇఫ్".

గ్రీన్ ముదురుగా ఉంటుంది. తెల్ల గీత కన్ను ముందే ఆగిపోతుంది. ఎగిరితే నడుము తళుక్కుమంటుంది, రెక్క అడుగు దాదాపు నల్లగా ఉంటుంది. కాలవ పక్కన, మురుగు గుంటల దగ్గర ఒకటో రెండో. భయం ఎక్కువ, మనం చూడకముందే "ట్లూయీట్-వీట్-వీట్" అని లేస్తుంది.

కొంచెం లోతు నీళ్లలో పొడుగు కాళ్ల మీద తెల్లగా ఉన్నవైతే మార్ష్ శాండ్‌పైపర్, గ్రీన్‌షాంక్. ముక్కు సూదిలా తిన్నగా, సన్నగా ఉంటే మార్ష్. లావుగా, కొస కొంచెం పైకి లేచి ఉంటే గ్రీన్‌షాంక్. గ్రీన్‌షాంక్ ఒంట్లో కూడా పెద్దది, లేస్తూ మూడు సార్లు "ట్యూ-ట్యూ-ట్యూ" అంటుంది. పక్కపక్కన లేనప్పుడు సైజును నమ్మొద్దు, ముక్కునే చూడండి.

బురద మీద పరిగెత్తి, టక్కున ఆగి, వంగేవి ప్లోవర్లు. కంటి చుట్టూ పసుపు ఉంగరం, రొమ్ము మీద పూర్తి నల్లపట్టీ ఉంటే లిటిల్ రింగ్డ్. పట్టీ మధ్యలో తెగి, కాళ్లు నల్లగా ఉంటే కెంటిష్. లిటిల్ రింగ్డ్‌కి రెక్క మీద తెల్లగీత ఉండదు, కెంటిష్‌కి ఉంటుంది.

పెన్నాపాయ
రెండో ప్రశ్నకు: 8×42 తీసుకోండి. ముందున్న అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, వెనకది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్లు. కంటికి అందే వెలుగు వలయం అంత ఉంటుంది. తెల్లవారుజామున మన కనుపాప అంత విచ్చుకుంటుంది కాబట్టి చీకటి పూర్తిగా వదలకముందే పని చేస్తుంది. 10×50కి కూడా 5 వస్తుంది, కానీ బరువు ఎక్కువ, చెయ్యి వణుకు పదిరెట్లయి కనిపిస్తుంది, చుట్టూ కనిపించే మేర తక్కువ. చెట్లలో తిరిగే చిన్న పక్షిని దానితో పట్టుకోలేరు. జేబులో పట్టే 8×25 అయితే వలయం మూడు మిల్లీమీటర్లే, ఆరు గంటలకు అంతా మసక.

కళ్లజోడు ఉంటే ఐ రిలీఫ్ (కంటి వైపు అద్దానికీ కంటికీ మధ్య దూరం) కనీసం 15, 16 మిల్లీమీటర్లు ఉందో లేదో కొనేముందే అడగండి. రబ్బరు కప్పులు లోపలికి మడిచి చూడాలి. లేకపోతే బొమ్మ చుట్టూ నల్లగా వస్తుంది.

కొన్నాక చాలామంది చెయ్యనిది డయాప్టర్ (రెండు కళ్ల చూపు తేడా) సర్దడం. ముందు రెండు గొట్టాలను దగ్గరికో దూరానికో జరిపి రెండు వలయాలూ ఒకటయ్యేలా చూసుకోండి. కుడి అద్దాన్ని మూతతో మూసి, దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలను మధ్య చక్రంతో ఎడమ కంటికి స్పష్టం చేసుకోండి. తర్వాత ఎడమది మూసి, మధ్య చక్రాన్ని ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరుండే చిన్న రింగు తిప్పి అవే అక్షరాలు స్పష్టం చెయ్యండి. ఆ రింగు ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. ఇది చెయ్యకుండా గంటసేపు చూస్తే తలనొప్పి వస్తుంది, తప్పు బైనాక్యులర్ మీదికి పోతుంది.

మన ఉక్కకు అద్దాల లోపల బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. నీలం గింజలు గులాబీరంగుకు తిరిగితే తేమ పట్టినట్టు, వేడిచేసి ఆరబెట్టాలి. తీరం నుంచి వచ్చాక ఊపిరితో ఊది చొక్కాతో తుడవొద్దు, ఉప్పుగింజ అద్దం మీద గీతలు పెడుతుంది. రబ్బరు బ్లోయర్, తర్వాత మెత్తటి బ్రష్, చివర గుడ్డ.

ఇక నిలబడే చోటు. మన జిల్లాలో నేల తూర్పుకు, సముద్రం వైపుకు వాలు. అందుకే చాలా చెరువులకు కట్ట తూర్పున ఉంటుంది. పొద్దున కట్ట మీద నిలబడితే సూర్యుడు వీపు వెనక, వెలుగు నేరుగా పక్షి మీద. సాయంత్రం అదే కట్ట మీద నుంచి చూస్తే అన్నీ నల్లటి బొమ్మలే. రంగులు లేకుండా ఉల్లంకిని తేల్చడం కష్టం. సాయంత్రమే కుదిరేవాళ్లు చెరువు పడమటి వైపు, నీళ్లు పలచబడే మూలకు పోవాలి. పైగా బురద ముందు తేలేది అక్కడే. నీళ్లలోకి దిగొద్దు, పైన ఆరినట్టు కనిపించినా లోపల మోకాలి దాకా దిగబడుతుంది.

ఎండ పడ్డాక ఎనిమిదిన్నర, తొమ్మిది నుంచి నీటి మీద గాలి అలలాడుతుంది. స్కోపులో (ఒంటికన్ను దూరదర్శిని) 20 రెట్ల దగ్గర చూస్తే ఇంకా పనికొస్తుంది, 60 పెడితే బొమ్మ ఉడుకుతుంది. అప్పుడు ఎక్కువ రెట్లు పెట్టి లాభం లేదు, దగ్గరున్నవాటిని చూసుకోవడమే మేలు.

దర్శి_చిల్లచెట్లు
అందరూ నీళ్లే చూస్తున్నారు. పార్కులో చెట్లూ ఉన్నాయి కదా! వాటిలోనూ వలస పక్షులు దండిగా ఉంటాయి, ఎవరూ తల ఎత్తరు. ప్రకాశం వైపు మెట్టలో నీళ్లు లేని చోట మాకు ఇవే దిక్కు.

సెప్టెంబరు, అక్టోబరుల్లో మొదట వినిపించేది బ్రౌన్ ష్రైక్. కంచె మీద, ముళ్లపొద కొసన కూర్చొని పొద్దున్నే గరగరమని అరుస్తుంది. వీపు గోధుమరంగు, కళ్ల మీదుగా నల్ల ముసుగు. ఒకసారి ఒక పొద పట్టుకుంటే చలికాలమంతా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. కాబట్టి ఎక్కడ చూశారో రాసి పెట్టుకుంటే మళ్లీ మళ్లీ చూపించవచ్చు.

చెట్టు పైకొమ్మల్లో ఆకులకింద ఆగకుండా కదిలే చిన్నది గ్రీనిష్ వార్బ్లర్. కంటిమీద లేత గీత, రెక్క మీద సన్నటి గీత, "చిస్-లీ" అని రెండు ముక్కల కూత. నేలకు దగ్గరగా, పొదల్లో "చక్... చక్" అంటుంటే అది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్, ఏ గుర్తూ లేని మట్టిరంగు పక్షి. ఈ రెండు కూతలు వస్తే పార్కులోని వార్బ్లర్లలో ఎక్కువ భాగం తేలిపోతాయి. వాటి వెంట కెమెరాతో పరిగెత్తడం దండగ, చెవి పెట్టండి.

మధ్య కొమ్మ మీద కదలకుండా కూర్చొని, గాల్లోకి దూకి పురుగు పట్టి మళ్లీ అదే కొమ్మకు వచ్చేది ఏషియన్ బ్రౌన్ ఫ్లైక్యాచర్. కంటిచుట్టూ తెల్ల ఉంగరం, కింది ముక్కు మొదలు లేతరంగు. తోక పిగిలి పిట్ట కూడా ఇలాంటి నీడలోనే. మగదానికి పొడుగు తోక లేకపోయినా నల్ల జుట్టు చూసి చెప్పొచ్చు.

రావి, మర్రి, జువ్వి పండ్ల మీదున్నప్పుడు ఆ ఒక్క చెట్టు కిందే అరగంట నిలబడండి. వంగపండు పిట్టలు, గులాబీ గోరింకల గుంపులు వస్తాయి. గులాబీ గోరింకలు సాయంత్రం సర్కారు తుమ్మల్లో, జమ్ములో గుంపుగా రాత్రి గడుపుతాయి. పొద్దుగుంకే ముందు అరగంట అవి ఏ దిక్కుకు పోతున్నాయో చూస్తే రాత్రి చోటు తెలిసిపోతుంది.

నేల మీద చూడాల్సినవి రెండు. ఫారెస్ట్ వాగ్‌టైల్, రొమ్ము మీద రెండు నల్ల పట్టీలు, మిగతా జిట్టంగులు తోక పైకీ కిందికీ ఆడిస్తే ఇది పక్కలకు ఆడిస్తుంది. రెండోది పొన్నంగి పిట్ట. రాలిన ఆకులు తిరగేస్తూ గెంతుతుంది, తెల్లవారేటప్పుడు, చీకటి పడేటప్పుడు రెండు స్వరాల ఈల వేస్తుంది. ఈ రెండూ రాలిన ఆకుల్లోనే మేస్తాయి. రోజూ ఆకు ఊడ్చి తగలబెట్టే పార్కులో వాటికి తిండి ఉండదు. ప్రహరీ పొడుగునా రెండు మీటర్ల మేర ఊడవకుండా వదిలేయమని తోటమాలిని అడిగితే చాలు. ఖర్చు లేదు, అనుమతి కాగితాలూ అక్కర్లేదు.

లకుముకి_77
పొన్నంగి పిట్ట ఇళ్లలోకి వస్తుందని విన్నాను. నిజమేనా అండీ? దొరికితే ఏం చెయ్యాలి?

దర్శి_చిల్లచెట్లు
@లకుముకి_77 నిజమే. అది రాత్రిళ్లు ప్రయాణం చేస్తుంది. అలసిపోయి, దీపాల వెలుగుకు దారి తప్పి, కిటికీ అద్దాలకు కొట్టుకుని వరండాలో పడి ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో ఇవి ఎక్కువ. చేత్తో తిప్పి తిప్పి చూడొద్దు. అట్టపెట్టెకు చిన్న రంధ్రాలు పెట్టి, అడుగున పాత గుడ్డ పరిచి, అందులో ఉంచి మూసి, చీకటిగా, చప్పుడు లేని చోట గంటసేపు వదిలేయండి. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. అన్నం, బియ్యం అది తినదు. కోలుకుంటే పెట్టెలో తిరుగుతున్న చప్పుడు వస్తుంది. పొదలున్న చోట నేలకు దగ్గరగా పెట్టి మూత తియ్యండి, పైకి ఎగరెయ్యొద్దు. రెక్క వేలాడుతుంటే అటవీ శాఖ వాళ్లకు అప్పజెప్పాలి. ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

కొత్తపట్నం_కెరటం
తీరం గురించి నేను. పార్కులో ఏమీ లేని ఆ నవంబరు, డిసెంబరుల్లో ఇదే దారి.

సముద్రపు ఒడ్డున గడియారం చూసి పోతే పని కాదు, ఆటుపోట్లు చూసి పోవాలి. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు, రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. ఆటు మీద బురద తేలినప్పుడు ఉల్లంకులన్నీ దూరంగా, చెల్లాచెదురుగా మేస్తాయి. పోటు వచ్చేకొద్దీ మన వైపుకు నెట్టబడి ఒకే దిబ్బ మీద గుంపు కడతాయి. కాబట్టి పోటు పూర్తిగా రావడానికి రెండు గంటల ముందే పోయి, ఎండ వెనక ఉండేలా కూర్చుంటే పక్షులే దగ్గరికొస్తాయి. లేచి నడిస్తే గుంపంతా లేచిపోతుంది. ప్రయాణం కోసం దాచుకున్న కొవ్వు వృథా అవుతుంది, తిరిగి వేలమైళ్లు పోవాల్సిన పక్షికి అది చిన్న నష్టం కాదు.

మన తీరంలో పోటుకూ ఆటుకూ తేడా మీటరు, అంతకన్నా తక్కువే. అమావాస్య, పున్నములకు కాస్త పెరుగుతుంది. తేడా చిన్నది కాబట్టి గాలి ఎటు వీస్తుందో, మొగ (నీళ్లు సముద్రంలో కలిసే నోరు) తెరుచుకుని ఉందో లేదో ఆటుపోట్ల పట్టికతో సమానంగా లెక్కలోకి వస్తాయి. మొగ ఇసుకతో మూసుకుంటే లోపలి మడుగులో ఆటుపోట్లే ఉండవు. ఊటుకూరు దగ్గర పెన్న కలిసే చోటు, ఇసుకపల్లి మడుగు, కృష్ణపట్నం వాగులు, ఇటు కొత్తపట్నం, పాకల, ఎక్కడికి పోయినా మొగ సంగతి ముందు జాలర్లను అడగండి. వాళ్లకు తెలిసినంత ఏ యాప్‌కీ తెలియదు.

ఉప్పు కొటార్లలో కూడా అన్ని మడులూ ఒకటి కాదు. సముద్రపు నీళ్లు మొదట నింపే పెద్ద మడి, ఆపైన నీళ్లు చిక్కబడే మడులు, చివర ఉప్పు గడ్డకట్టే చిన్న మడులు. చివరివాటిలో పక్షులు దాదాపు ఉండవు, అంత ఉప్పులో వాటి మేత బతకదు. మొదటి, మధ్య మడుల్లో వెతకండి. స్టింట్లు, స్టిల్ట్‌లు, మార్ష్ శాండ్‌పైపర్, కొన్నిచోట్ల రాజహంసలు. కనపర్తి, చినగంజాం, ఇసుకపల్లి అన్నిచోట్లా ఇదే పద్ధతి. పనివాళ్లు నడిచే సన్నటి గట్లు తడిమట్టితో కట్టినవి, తొక్కితే తెగుతాయి. బండి దారి వదిలి లోపలికి పోవద్దు.

సముద్రపు పక్షులైన గల్స్‌లో ఎక్కువ దొరికేది బ్రౌన్-హెడెడ్. చలికాలంలో తల తెల్లగానే ఉంటుంది, పేరు చూసి మోసపోవద్దు. రెక్క నల్ల కొసలో తెల్ల అద్దంలాంటి మచ్చలు, పెద్దవాటికి లేత కన్ను. బ్లాక్-హెడెడ్‌కి రెక్క ముందంచు తెల్లగా పొడుగ్గా మెరుస్తుంది, కన్ను నలుపు. ఎర్రటి లావు ముక్కుతో గల్ అంత ఉన్న టెర్న్ అయితే కాస్పియన్. నల్లటి లావు ముక్కు అయితే గల్-బిల్డ్. చెరువుల మీద కూడా నీటికి తగలకుండా ఎగిరే చిన్న టెర్న్ విస్కర్డ్.

కావలి_ఉల్లంకి
@కొత్తపట్నం_కెరటం రొయ్యల గుంటల మాట మర్చిపోయారు. రొయ్య పట్టి నీళ్లు తీసేసిన గుంటలో అడుగు బురద తేలుతుంది. ఆ కొద్ది రోజులూ చెరువుకన్నా అక్కడే ఎక్కువ పక్షులు ఉంటాయి. కానీ పక్క గుంటలో రొయ్య ఉంటే రైతు మనల్ని రానివ్వడు, రానివ్వకపోవడం న్యాయమే. రొయ్యలను చంపే వైట్ స్పాట్ వైరస్ చెప్పుల బురదతోనూ, పక్షి పారేసిన రొయ్యతోనూ ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పోతుంది. అనుమతి అడిగి, గేటు దగ్గర మందునీళ్ల తొట్టిలో కాళ్లు ముంచి, రోడ్డు వైపు గట్టు నుంచే చూడండి. గుంటల మీద అడ్డంగా కట్టిన నైలాను దారాలకు చిక్కిన కొంగ కనిపిస్తే మీరు దిగొద్దు, కాపలా మనిషిని పిలవండి.

బుచ్చి_కాలువ
బాతులు, లెక్కలు నాకు వదిలేయండి. కనిగిరి రిజర్వాయరు, చుట్టుపక్కల చెరువులకు ఇది పనికొస్తుంది. (కనిగిరి పట్టణం కాదు, బుచ్చిరెడ్డిపాలెం దగ్గరిది.)

బాతులు నవంబరు నుంచి పెరుగుతూ జనవరి, ఫిబ్రవరుల్లో నిండుగా ఉంటాయి. కొత్తగా వచ్చినప్పుడు మగవి కూడా ఆడవాటిలా మట్టిరంగులో ఉంటాయి. గార్గనీ మగది ఇంకా ఆలస్యం, దాని తెల్ల కనుబొమ గీత ఫిబ్రవరికి గానీ పూర్తిగా రాదు. కాబట్టి రంగు కోసం చూడకుండా ఆకారం చూడండి. మెడ పొడుగ్గా సన్నగా, తోక కోసుగా ఉంటే సూదితోక. తల కన్నా పొడుగ్గా ముక్కు, ముందు వెడల్పుగా ఉంటే చెంచామూతి. చిన్నగా ఉండి, ఎగిరినప్పుడు రెక్క ముందుభాగం లేత బూడిదనీలంగా ఉంటే గార్గనీ, ఆడదానికి ముఖం మీద చారలు. గుంపులో నల్లగా, తెల్ల ముక్కుతో ఉన్నవి బాతులు కావు, బొల్లికోళ్లు. దూరం నుంచి లెక్కపెట్టేవాళ్లు వీటిని బాతుల్లో కలిపేసి సంఖ్య రెండింతలు చేస్తుంటారు.

లెక్కపెట్టే పద్ధతి: ముందు పది పక్షులను ఒక్కొక్కటిగా లెక్కించి, ఆ పది ఎంత మేర ఆక్రమించాయో కన్నుతో కొలుచుకోండి. ఆ మేరతో వంద దాకా పోండి. తర్వాత వందల కొలతతో గుంపు ఎడమ నుంచి కుడికి ఒక్కసారే పూర్తి చెయ్యండి. మధ్యలో వెనక్కి రావద్దు. కలిసిన గుంపైతే మొత్తం సంఖ్య ఒకటి వేసుకుని, నాలుగైదు చోట్ల వంద వంద పక్షులు తీసుకుని అందులో ఏది ఎన్ని ఉన్నాయో చూసి ఆ నిష్పత్తిలో పంచండి. దట్టంగా కూర్చున్న గుంపును మనం ఎప్పుడూ తక్కువే అంచనా వేస్తాం, ముందున్నవి వెనకవాటిని కప్పేస్తాయి. గుంపు లేచినప్పుడు ఒక ఫొటో తీసి ఇంట్లో చుక్కలు పెట్టుకుంటూ లెక్కించి, గట్టు మీద వేసిన అంకెతో పోల్చండి. కన్ను ఎంత తప్పుతుందో తెలిస్తే తర్వాతిసారి సర్దుకోవచ్చు.

పక్షుల జాబితాలు పెట్టే ఈబర్డ్‌ వెబ్‌సైటులో ఎక్కించేటప్పుడు పార్కుకూ చెరువుకూ వేరు వేరు జాబితాలు పెట్టండి. 30 మీటర్లకు మించి కదలకపోతే స్టేషనరీ, నడిస్తే ట్రావెలింగ్, దూరం నిజంగా నడిచినంతే. చూసిన పక్షులన్నీ, కాకి, గోరింకలతో సహా రాస్తేనే 'పూర్తి జాబితా' అని టిక్ పెట్టండి. అరుదైనవే రాసి పూర్తి అని పెడితే కాకులు ఆ రోజు లేవని లెక్క పడుతుంది. సంఖ్య తెలియదని ఎక్స్ పెట్టేకన్నా సుమారు అంకె వెయ్యండి. నీటిమట్టం వ్యాఖ్యల్లో రాయండి: 'కట్ట మెట్లలో మూడు తేలాయి' అన్నా చాలు. ఏటికేడు పోల్చాలంటే పక్షుల సంఖ్య ఒక్కటే ఉంటే ఏమీ తెలియదు.

ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ (నీటి పక్షుల లెక్క) 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. పెద్ద జలాశయాలకు మనుషులు దొరుకుతారు, ఊరి చెరువులకే దొరకరు. ఎవరికి దగ్గరున్న చెరువు వాళ్లు తీసుకుంటే బాగుంటుంది.

పెన్నాపాయ
@బుచ్చి_కాలువ గారూ, ఒకటి కలుపుతాను. మెర్లిన్ యాప్ కూత విని పేరు చూపిస్తే దాన్నే జాబితాలో ఎక్కిస్తున్నారు. నెక్లెస్ రోడ్డు పక్కన హారన్లకు, ఉడుత అరుపుకు కూడా అది పేర్లు ఇస్తుంది. అది చూపించిన పేరుతో పక్షిని వెతకండి. కనిపిస్తే లేదా కూతను మీ చెవితో తేల్చుకుంటేనే రాయండి. లేకపోతే ఆడియో రికార్డు జతచెయ్యండి, చూసేవాళ్లు తేలుస్తారు.

బుచ్చి_కాలువ
@పెన్నాపాయ ఒప్పుకుంటాను. అదే యాప్‌తో కూత వినిపించి పక్షిని బయటికి రప్పించడం మాత్రం అసలు వద్దు. చలికాలంలో తన పొద కాపాడుకుంటున్న పక్షి మేత వదిలేసి లేని శత్రువు కోసం తిరుగుతుంది.

స్వర్ణాల_గట్టు
బాగా వచ్చింది. గూడు కట్టే చోట్ల మాట కూడా ఇక్కడే చెప్పాలి. నేలపట్టు 1976లో అభయారణ్యం అయింది. అక్కడ నీటికడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, చింత వొక్కులు గూళ్లు కడతాయి. 2022 జిల్లాల విభజనతో అదీ, పులికాట్‌లో మన వైపున్న సూళ్లూరుపేట, తడ మండలాలూ తిరుపతి జిల్లా కిందికి పోయాయి. రికార్డు పెట్టేటప్పుడు జిల్లా సరిచూసుకోండి. గూళ్ల మీద డ్రోన్ ఎగరేస్తే తల్లి లేచిపోతుంది, ఎండలో పిల్లలు పది పదిహేను నిమిషాల్లో వాడిపోతాయి, ఆ సందులో కాకి, గద్ద గుడ్లు ఎత్తుకుపోతాయి. గూడు ఎక్కడుందో కచ్చితమైన చోటు ఈ వేదికలో కూడా రాయొద్దు.

సంక్రాంతి గాలిపటాల నైలాను మాంజా చెట్లలో మిగిలి నెలల తరబడి పక్షులను కోస్తుంది. పండగ అయిన వారంలోపు గట్టు పార్కులో వెదురు గడకు కొక్కెం కట్టి అందినంత తీసేస్తే, ఫిబ్రవరిలో రాత్రి చోటుకు చేరే కొంగలకు ముప్పు తగ్గుతుంది. తీసిన దారం నేల మీద పడెయ్యకుండా ముక్కలుగా కత్తిరించి సంచిలో వెయ్యండి.

ఒకేచోట నాలుగైదు పక్షులు చచ్చి కనిపిస్తే ముట్టుకోవద్దు, కుక్కను దగ్గరికి రానివ్వొద్దు. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది. ఫొటో తీసి పశుసంవర్ధక శాఖకూ, అటవీ శాఖకూ చెప్పండి. దగ్గర్లో ఒడ్ల గింజలు చల్లి ఉంటే విషం కలిపిన ఎర కావచ్చు, అది కూడా ఫొటోలో రావాలి, గింజలు చేత్తో తియ్యొద్దు.

లకుముకి_77
చాలా ఉపయోగపడింది అండీ. చివరి ప్రశ్న. కాలికి (పరిశోధకులు వేసే) రంగు జెండా ఉన్న ఉల్లంకి కనిపిస్తే ఎవరికి చెప్పాలి?

కావలి_ఉల్లంకి
@లకుముకి_77 ముందు ఫొటో, తర్వాత మిగతావి. రాయాల్సినవి: జెండా ఏ కాలికి, అది పక్షి కుడో మన కుడో (ఎప్పుడూ పక్షి కుడి ఎడమలే లెక్క), మోకాలి కీలుకు పైనా కిందా, రెండు జెండాలుంటే ఏ రంగు పైన ఏ రంగు కింద, జెండా మీద అక్షరాలుంటే అవి. బురద అంటిన తెల్ల జెండా పసుపుగా కనిపిస్తుంది, సాయంత్రం ఎండలో పసుపు నారింజలా కనిపిస్తుంది, అందుకే నమ్మకం లేని రంగు పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. చోటు, తేదీ, గుంపులో ఎన్ని ఉన్నాయో కలిపి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపితే ఏ దేశంలో వేసిందో వాళ్లు కనుక్కుంటారు. లోహపు ఉంగరం ఒక్కటే ఉంటే దూరం నుంచి అంకెలు రావు, ఎన్ని వైపుల నుంచి వీలైతే అన్ని వైపుల నుంచి ఫొటోలు తియ్యండి. పట్టుకోవాలని మాత్రం చూడొద్దు.

జెండా పక్షి కనిపించిన మడికి ఆ వారంలో మళ్లీ పోండి. మేత బాగుంటే అక్కడే ఉంటుంది, మొదటిసారి అందని అక్షరం రెండోసారి అందుతుంది.